కిడ్నీ మార్పిడి తర్వాత ఏళ్ల తరబడి: ఒంటినీ మనసునూ కలిపి చూసుకునే పద్ధతి

"క్రియాటినిన్ బాగానే ఉందండీ, మనసే బాగోలేదు." మార్పిడి అయిన ఏడాదికో రెండేళ్లకో, ఓపీ గదిలోంచి లేచి వెళ్తూ గుమ్మం దగ్గర చాలామంది అనే మాట ఇది. లోపల కూర్చున్నంతసేపూ రిపోర్టుల గురించే, అంటే కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ వంటి రక్తపరీక్షల గురించే మాట్లాడతారు. అసలు సంగతి గుమ్మం దగ్గర బయటపడుతుంది.

ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. మనసు కుంగితే నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే ఉదయం మాత్ర ఆలస్యమవుతుంది, తర్వాత ఒక పూట తప్పుతుంది, తర్వాత చెకప్ వాయిదా పడుతుంది. కిడ్నీ దెబ్బతినే దారుల్లో ఇదొకటి. అందుకే మనసు సంగతి కూడా మాత్రల్లాగే వేళకు చూసుకోవాలి.

ఇది మార్పిడి అయి కనీసం మూడు నెలలు దాటినవారికీ, వారి ఇంట్లోవారికీ రాసింది. మోతాదులు మాత్రం మీ నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) చెప్పినవే.

1. ముందు ఇవి సమకూర్చుకోండి

- రోజుకు రెండు పూటల గదులున్న వారం మాత్రల డబ్బా
- చేతికి కట్టే డిజిటల్ బీపీ మిషన్ (ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు, ఉన్న చేతికి కట్టకూడదు)
- డిజిటల్ థర్మామీటరు, బరువు చూసే మిషన్
- లీటరు గీతలున్న నీళ్ల సీసా
- 200 పేజీల పొడవాటి నోటుపుస్తకం
- పర్సులో పెట్టుకునే చీటీ: మార్పిడి తేదీ, వాడే మందులు, బ్లడ్ గ్రూపు, ఆసుపత్రిలోని మార్పిడి కోఆర్డినేటర్ ఫోన్ నంబరు

వీటిలో నోటుపుస్తకమే అన్నిటికన్నా విలువైనది. బీపీ, బరువు రాసేవారు చాలామంది ఉన్నారు. మీరు మరో మూడు గడులు కలపండి: నిద్ర ఎన్ని గంటలు, మనసు పదికి ఎంత, ఆ రోజు గురించి ఒక చిన్న మాట. ఒక వరుస ఇలా ఉంటుంది:

12వ తేదీ. 61.4 కిలోలు. 128/78. జ్వరం లేదు. నిద్ర 5 గంటలు. మనసు 4. "అక్క ఫోన్, చిరాకు."

రాయడానికి ఒక నిమిషం చాలు. నెల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే, మనసు 4 దగ్గర పడిపోయిన రోజులన్నీ చెకప్‌కి ముందు వారమో, నిద్ర తగ్గిన రోజులో, ఫలానా చుట్టం వచ్చి వెళ్లిన రోజులో అని కనబడుతుంది. "ఎప్పుడూ దిగులుగానే ఉంటుంది" అని చెప్పడం కన్నా ఆ పేజీ చూపిస్తే డాక్టరుకు దారి దొరుకుతుంది.

2. మాత్రల గడియారాన్ని గట్టిగా పెట్టుకోండి

కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఆపే టాక్రోలిమస్‌ను (టాక్రో) రోజుకు రెండు పూటలు వాడేవారు 12 గంటల ఎడం పాటించాలి. మన ఇళ్లకు 8-8 బాగా సరిపోతుంది: ఉదయం 8కి టాక్రో, 9కి టిఫిన్, రాత్రి 8కి టాక్రో, 9కి భోజనం. తినడానికి గంట ముందు గానీ, తిన్న రెండు గంటలకు గానీ వేసుకోవాలి. ఏ పద్ధతి ఎంచుకున్నా రోజూ అదే పద్ధతి. ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్ మాత్ర) మాత్రం టిఫిన్ తర్వాత.

గ్యాస్ కోసం తాగే మెగ్నీషియం, అల్యూమినియం సిరప్‌లు మైకోఫెనొలేట్‌ను (తిరస్కరణను ఆపే మరో మందు) సరిగా ఒంటబట్టనివ్వవు. రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి.

లెవెల్ పరీక్ష రోజు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. టాక్రో లెవెల్‌కు (రక్తంలో మందు ఎంత ఉందో చూసే పరీక్షకు) రక్తం ఉదయం మాత్ర వేసుకోకముందు, రాత్రి మాత్రకు 12 గంటల తర్వాత ఇవ్వాలి. అలవాటు కొద్దీ ఇంట్లోనే మాత్ర వేసుకుని వెళ్తే లెవెల్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అది చూసి మోతాదు తగ్గిస్తారు. నిజంగా అందాల్సినంత మందు అందక రిజెక్షన్‌కు (శరీరం కిడ్నీని తిరస్కరించడానికి) దారి తెరుచుకుంటుంది.

1. ముందు రాత్రే డబ్బాలో ఆ పూట గదికి రబ్బరుబ్యాండు చుట్టండి. పొద్దున నిద్రకళ్లతో చెయ్యి పెట్టినా ఆగిపోతారు.
2. ఆ మాత్రలను చిన్న పొట్లంలో జేబులో పెట్టుకోండి. రక్తం ఇచ్చిన వెంటనే వేసుకోండి.
3. ల్యాబ్ 9కి గానీ తెరవకపోతే, ముందు రాత్రి మాత్రను 9కి జరపవచ్చా అని కోఆర్డినేటర్‌ను ముందే అడగండి.
4. పొరపాటున మాత్ర వేసేసుకుంటే దాచకండి. రక్తం తీసేవారికి చెప్పి, పరీక్షను మరో రోజుకు మార్చుకోండి.

మాత్ర మరిచిపోతే

రెండు పూటలవీ కలిపి ఎప్పుడూ వేసుకోకూడదు. ఎంత ఆలస్యం వరకు వేసుకోవచ్చు, వేసుకున్నాక వాంతి అయితే ఏం చేయాలి అన్నది మీ ఆసుపత్రినే అడిగి, నోటుపుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఆ పూట కంగారులో గుర్తుండదు.

మందుల మధ్య గొడవలు

- క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్, డిల్టియాజెమ్ టాక్రో లెవెల్‌ను పెంచుతాయి.
- రిఫాంపిసిన్ (టీబీ మందు), ఫెనిటాయిన్, కార్బమజెపిన్ (మూర్ఛ మందులు) బాగా తగ్గిస్తాయి.
- డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసెక్లోఫెనాక్ నొప్పి మాత్రలు కిడ్నీకే చేటు. ఒళ్లునొప్పులకు పారాసిటమాల్ వాడవచ్చు. జ్వరమైతే మాత్రం ముందు ఫోన్ చేయండి.
- పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు) జాతి పుల్లని పండ్లు వద్దు.
- మెడికల్ షాపులో "అదే మందండీ, వేరే కంపెనీ" అని ఇస్తే టాక్రోను మార్చి తీసుకోకండి. మార్చక తప్పకపోతే డాక్టరుకు చెప్పి, మళ్లీ లెవెల్ చూపించుకోండి.

తిప్పతీగ, అశ్వగంధ, రకరకాల కషాయాల గురించి ఒక మాట. "రోగనిరోధక శక్తి పెంచుతుంది" అని చుట్టాలు ప్రేమతో తెచ్చి ఇస్తారు. మీరు రోజూ వేసుకునే మాత్రల పనే ఆ శక్తిని అదుపులో పెట్టడం, కొత్త కిడ్నీని శరీరం పరాయిదిగా చూసి దాడి చేయకుండా ఆపడం. ఆ శక్తిని పెంచే వస్తువు మీకు మేలు చేయదు. పొరుగింటివారికి మంచి చేసిన కషాయమే మీ కిడ్నీకి ముప్పు కావచ్చు.

3. మందు వల్ల వచ్చిన చిరాకును గుర్తుపట్టండి

ప్రెడ్నిసొలోన్ ఎక్కువ మోతాదులో ఉన్నప్పుడు కోపం, ఏడుపు, విపరీతమైన ఆకలి, రాత్రి రెండింటికి మెలకువ మామూలే. టాక్రో వల్ల చేతులు వణకడం, జుట్టు రాలడం, నిద్ర తగ్గడం, కొందరికి కొత్తగా షుగర్ రావడం ఉంటాయి. టాక్రోకు బదులు సైక్లోస్పోరిన్ వాడేవారికి ఒంటిమీద వెంట్రుకలు పెరగవచ్చు, చిగుళ్లు ఉబ్బవచ్చు.

ఇది తెలియక ఇంట్లోవాళ్లు "కిడ్నీ మార్చాక మనిషి మారిపోయాడు" అంటారు. మందుల పట్టిక పక్కన పెట్టుకుని చూడండి, మోతాదు మారిన తేదీ దగ్గరే చాలావరకు జవాబు ఉంటుంది.

1. ప్రెడ్నిసొలోన్ ఉదయమే వేసుకోండి, సాయంత్రానికి జరపకండి.
2. మధ్యాహ్నం మూడు తర్వాత టీ, కాఫీ మానండి.
3. నీళ్లు ఎక్కువ భాగం సాయంత్రం ఆరులోపే తాగేయండి. రోజుకు ఎన్ని లీటర్లో డాక్టరు చెబుతారు, చాలామందికి రెండున్నర నుంచి మూడు. రాత్రికి మిగిల్చుకుంటే మూత్రానికి లేవడంతోనే నిద్ర చెడుతుంది.
4. నీరసం, దిగులు రెండు వారాలు దాటితే హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ చూడమని అడగండి. రక్తం తక్కువైనా మనసు బాగోలేనట్టే ఉంటుంది.

ముఖం ఉబ్బడం, మొటిమలు చిన్నవయసు వారిని బాగా బాధపెడతాయి. అద్దం చూసి మాత్ర మానేసేవారు ఉన్నారు. వారిని మందలిస్తే మాత్రను దాచడం నేర్చుకుంటారు. "ఈ ఉబ్బు మోతాదు తగ్గేకొద్దీ తగ్గుతుంది, తగ్గించే వీలుందేమో డాక్టరునే అడుగుదాం" అని చెప్పి, వెంట వెళ్లి అడగండి.

4. రిపోర్టు భయాన్ని తగ్గించుకోవడం

రిపోర్టు వచ్చే రోజు గుండె దడ లేనివారు అరుదు. క్రియాటినిన్ 1.2 ఉన్నది 1.3 అయితే రాత్రంతా నిద్ర ఉండదు.

1. మీ మామూలు అంకె ఎంతో డాక్టరుతో రాయించుకోండి. పక్కవారికి 0.9 ఉంటే మీకూ అంతే ఉండాలని లేదు.
2. ఎంత దాటితే ఫోన్ చేయాలో కూడా రాయించుకోండి. సాధారణంగా మీ మామూలు అంకె మీద 20 నుంచి 25 శాతం పెరిగితే వెంటనే చెప్పమంటారు.
3. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చూపించుకోండి.
4. పరీక్షకు ముందు రోజు రాత్రి మాంసం ఎక్కువగా తినడం, గట్టి వ్యాయామం, నీళ్లు తక్కువ తాగడం వద్దు. మూడూ అంకెను పెంచుతాయి. ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమోక్సజోల్ మాత్ర కూడా కిడ్నీకి హాని లేకుండానే అంకెను కాస్త పెంచగలదు.
5. గత ఆరు రిపోర్టుల అంకెలు ఒకే పేజీలో వరుసగా రాయండి. ఒక్క అంకె కన్నా ఆ వరుస ఎటు పోతోందన్నది ముఖ్యం.
6. రాత్రి పది తర్వాత ఫోన్‌లో రిపోర్టు తెరవకండి. నిజంగా ప్రమాదకరంగా ఉంటే ల్యాబ్, ఆసుపత్రి నుంచే ఫోన్ వచ్చేలా ముందే ఏర్పాటు చేసుకోండి. మిగతా అంకెలను ఉదయం ఇంట్లో ఒకరి పక్కన కూర్చుని చూడండి.

ఎండాకాలం గురించి వేరుగా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో పొలం పనికో, పెళ్ళిళ్లకో ఎండలో తిరిగి నీళ్లు తగ్గితే క్రియాటినిన్ పెరుగుతుంది. విరేచనాలైనా అంతే. విరేచనాలప్పుడు టాక్రో తగ్గిపోతుందనుకుంటారు గానీ చాలాసార్లు పెరుగుతుంది. అందుకే రెండు మూడు నీళ్ల విరేచనాలకే ఫోన్ చేయాలి.

5. దాతతో బంధం

అమ్మ, భార్య, అన్న, నాన్న ఎవరిచ్చినా ఆ రుణం మనసు మీద కూర్చుంటుంది. "అమ్మకు నడుం నొప్పి వచ్చినా నా వల్లేనేమో" అనిపిస్తుంది. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. చాలా ఇళ్లలో ఇచ్చాక వాళ్ల ఆరోగ్యం ఎవరికీ పట్టదు. అపరాధ భావంతో కుమిలిపోయే బదులు అక్కడ పని మొదలుపెట్టండి.

1. దాతకు ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, షుగర్, బరువు చూపించండి. మీ చెకప్ రోజే పెట్టుకుంటే మరిచిపోరు. నోటుపుస్తకం చివర దాతకు నాలుగు పేజీలు కేటాయించండి.
2. నొప్పి మాత్రలు మీకు లాగే దాతకూ మంచివి కావు. ఇంట్లో అందరికీ చెప్పండి.
3. కృతజ్ఞత ఒకసారి మనసారా, నోరు తెరిచి చెప్పండి. రోజూ తలచుకుంటూ బరువు మోయాలని దాత కోరుకోరు.
4. గొడవల్లో కిడ్నీని లాగకూడదని ఇంట్లో మాట అనుకోండి. "అమ్మ కిడ్నీ ఇచ్చింది, నువ్వేమో ఇలా" అన్న ఒక్క మాట చేసే గాయం ఏళ్లపాటు మానదు.

జీవన్‌దాన్ (బ్రెయిన్‌డెడ్ అయినవారి అవయవాలను అందించే ప్రభుత్వ పథకం) ద్వారా అవయవం అందినవారి బాధ వేరు. దాత ఎవరో చెప్పరు, ఆ గోప్యత నియమం. ఎవరో చనిపోతే తాను బతికానన్న తలపు పండగపూట కూడా వస్తుంది. ఆ పేరు తెలుసుకోవాలని వెతకవద్దు. మార్పిడి తేదీన ఆ మనిషి పేరున దీపం పెట్టడమో, అన్నదానం చేయడమో చాలామందికి ఊరట ఇస్తుంది. ఆ దుఃఖాన్ని అణచుకోవాల్సిన అవసరం లేదు.

6. చుట్టాల మధ్య, గుడిలో, పెళ్ళిలో

ఎన్ని మాత్రలైనా వేసుకుంటారు గానీ, అందరిలో "వద్దండీ" అనడం కష్టం. మాటలు ముందే సిద్ధం చేసుకుంటే నోరు తడబడదు.

- తీర్థం ఇస్తే: చెయ్యి పట్టి, కళ్లకద్దుకుని, తల మీద చల్లుకోండి. తాగనవసరం లేదు. పూజారిగారు తప్పు పట్టరు.
- పెళ్ళి భోజనంలో: "అత్తయ్యా, వేడి అన్నం, పప్పు, కూర పెట్టించండి. పచ్చి ముక్కలు, బయట నీళ్లు నాకు పడవు, డాక్టరుగారి మాట." మొదటి బంతిలోనే కూర్చోండి, వంట అప్పుడే దిగి ఉంటుంది.
- దగ్గుతూ వచ్చిన చుట్టానికి: "బాబాయ్, ఏమీ అనుకోకు, వరండాలో కూర్చుని మాట్లాడుకుందాం."
- ఆవకాయ ముందు: పూర్తిగా మానమని అందరికీ చెప్పరు. బీపీ అదుపులో లేకపోతే మానాలి. ఉంటే ఎంతవరకో మీ డైటీషియన్‌ను అడగండి.

పచ్చి పాలు, రోడ్డు పక్క పానీపూరి, కోసిపెట్టిన పండ్లు, ఉడకని మొలకలు ఎప్పటికీ వద్దు. కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన పెరుగు చాలామందికి పరవాలేదు. పుష్కర స్నానాలు, చెరువు స్నానాలు మానండి. ఏకాదశి ఉపవాసం, రంజాన్ ఉపవాసం, 41 రోజుల దీక్ష వంటివి నీళ్లు, నిద్ర, మాత్రల వేళలను తారుమారు చేస్తాయి. అడగకుండా మొదలుపెట్టకండి.

ఇంట్లోవారికి: మొదటి మూడు నెలల జాగ్రత్తను పదేళ్లు కొనసాగించకండి. గ్లాసు కూడా ఎత్తనివ్వకపోతే ఆ మనిషి తనను తాను పనికిరానివాడిగా లెక్కేసుకుంటాడు. నాలుగో నెల నుంచి నెలకో బాధ్యత తిరిగి అప్పగించండి. మొదట కరెంటు బిల్లు, తర్వాత పిల్లల హోంవర్కు, తర్వాత కూరగాయల బజారు (రద్దీ లేని వేళ, మాస్కుతో). మాత్రలు కూడా తనే సర్దుకోవాలి, మీరు వారానికోసారి డబ్బా చూస్తే చాలు.

7. నడక, ఉద్యోగం, దాంపత్యం

నడక పది నిమిషాలు పొద్దున, పది నిమిషాలు సాయంత్రంతో మొదలుపెట్టి, వారానికి ఐదు రోజులు 30 నిమిషాల వరకు పెంచండి. మనసుకు దీని మేలు స్పష్టంగా తెలుస్తుంది. నోటుపుస్తకంలో నడిచిన రోజుల మనసు అంకె చూడండి. కొత్త కిడ్నీ పొత్తికడుపులో ముందువైపు ఉంటుంది కాబట్టి కబడ్డీ, కుస్తీ వంటి దెబ్బలు తగిలే ఆటలు వద్దు.

కూర్చుని చేసే ఉద్యోగానికి చాలామంది రెండు మూడు నెలలకు తిరిగి వెళ్తారు. మొదటి వారాలు సగం రోజు అడగండి. పొలం, సిమెంటు, దుమ్ము పనులకు ఇంకా ఎక్కువ ఎడం కావాలి. మట్టి పట్టుకుంటే గ్లోవ్స్, దుమ్ములో మాస్కు తప్పనిసరి.

దాంపత్యం గురించి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. గాయం మానాక, సాధారణంగా ఆరు వారాల తర్వాత డాక్టరు సరేనంటే భయం లేదు. కిడ్నీ కదిలిపోదు. డయాలసిస్ రోజుల్లో తగ్గిన కోరిక చాలామందికి మెల్లగా తిరిగి వస్తుంది. రాకపోతే బీపీ మాత్రలు కారణం కావచ్చు, అడిగితే మార్చగలరు. ఆ పనికి షాపులో సొంతంగా మాత్రలు కొనకండి.

గర్భం: కనీసం ఏడాది ఆగాలి, కిడ్నీ నిలకడగా ఉండాలి. మైకోఫెనొలేట్ బిడ్డకు అంగవైకల్యం తేవచ్చు. గర్భానికి కనీసం ఆరు వారాల ముందే డాక్టరు దాన్ని ఆపి వేరే మందు పెడతారు. అప్పటిదాకా గర్భనిరోధం తప్పదు.

పెళ్ళి కాని వారికి: సంబంధం చూసేటప్పుడు దాచవద్దు. రోజూ రెండు పూటలు దాచి మాత్రలు వేసుకోవడం మొదలైతే అవి తప్పడం కూడా మొదలవుతుంది.

8. దిగులు జబ్బుగా మారితే

నెలకోసారి పీహెచ్‌క్యూ-9 (దిగులు ఎంతుందో కొలిచే ప్రశ్నపత్రం) ప్రశ్నలకు జవాబులు రాయండి. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, మొత్తం 27 మార్కులు. తెలుగులోనూ దొరుకుతుంది. 10 లేదా అంతకు మించి వస్తే డాక్టరుకు చూపించండి. చనిపోవాలన్న తలపు గురించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఏది వచ్చినా, మొత్తంతో పని లేకుండా అదే రోజు చెప్పండి.

1. ముందు మీ నెఫ్రాలజిస్టుకు చెప్పండి, గుమ్మం దగ్గర కాకుండా కూర్చోగానే. మాట రాకపోతే నోటుపుస్తకం పేజీ తెరిచి ముందు పెట్టండి.
2. సైకియాట్రిస్టు దగ్గరికి మందుల పూర్తి పట్టిక తీసుకెళ్లండి. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి ఈ మందులతో సాధారణంగా పెద్ద గొడవ పెట్టుకోవు. ఫ్లూవోక్సమిన్ టాక్రోను పెంచగలదు. లిథియం కిడ్నీకి భారం.
3. మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వారానికే మానేయకండి.
4. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) 14416కు ఫోన్ చేయండి. డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు.

9. వెంటనే ఫోన్ చేయాల్సినవి

- 100.4 డిగ్రీలు లేదా అంతకు మించి జ్వరం
- రోజులో కిలో, వారంలో రెండు కిలోల బరువు పెరగడం
- మూత్రం తగ్గడం, మంట, రక్తం
- కొత్త కిడ్నీ ఉన్నచోట నొప్పి, వాపు
- మాత్రలు నిలవని వాంతులు, నీళ్ల విరేచనాలు
- రెండు మూడు వారాలు తగ్గని దగ్గు, సాయంత్రపు జ్వరం (టీబీ అనుమానం)
- వరుసగా రెండు పూటల మాత్ర తప్పడం

చివరిది చెప్పడానికి సిగ్గుపడతారు. తిట్లు పడినా సరే, చెప్పండి.

ఏడాదికోసారి: ఫ్లూ టీకా (సూదిమందు రూపంలోది), కళ్లు, పళ్లు, చర్మం, కొలెస్టరాల్, షుగర్. చికెన్‌పాక్స్, ఎంఎంఆర్ వంటి బతికున్న క్రిముల టీకాలు మీకు వద్దు.

10. డబ్బు

మందులు అయిపోవడానికి పది రోజుల ముందే కొత్తవి చేతిలో ఉండాలి. ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీకు ఏ మందులు వస్తాయో, ఏ కాగితాలు కావాలో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. డబ్బు చాలక ఒక పూట మాత్ర తగ్గించుకునే ముందు డాక్టరుకు ఆ మాటే చెప్పండి. చవకైన కంపెనీకి లెవెల్ చూస్తూ మార్చే వీలుంటుంది.

11. కిడ్నీ నెమ్మదిస్తుంటే

మార్పిడి చేసిన కిడ్నీ ఎల్లకాలం పనిచేయకపోవచ్చు. ఈ సంగతి ముందే మాట్లాడుకున్న ఇళ్లలో ఆ రోజు వచ్చినప్పుడు తక్కువ కుప్పకూలతారు. దీన్ని మీ ఓటమిగా తీసుకోకండి. మాత్రలన్నీ వేళకు వేసుకున్నవారికీ జరుగుతుంది.

1. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత శక్తిని చెప్పే అంకె) 20 దగ్గరికి దిగితే రెండో మార్పిడికి పేరు నమోదు, ఇంట్లో మరో దాత, ఫిస్టులా గురించి అడగండి.
2. పాత ఫిస్టులా ఉంటే రోజూ చెయ్యి పెట్టి ఆ గరగర తెలుస్తోందో లేదో చూడండి.
3. "ఎలాగూ పోయేదే కదా" అని మాత్రలు సొంతంగా ఆపకండి. ఒక్కసారిగా ఆపితే శరీరంలో యాంటీబాడీలు పెరిగి, రెండోసారి సరిపోయే కిడ్నీ దొరకడం కష్టమవుతుంది. ఏది ఎప్పుడు తగ్గించాలో డాక్టరు చెబుతారు.
4. ఈ మాట మొదటిసారి విన్న రోజు ఇంటికి ఒంటరిగా వెళ్లకండి. ఆ రాత్రి కూడా నోటుపుస్తకంలో వరుస నింపండి, మనసు గడిలో ఉన్న అంకే వేయండి. మర్నాడు దాన్ని ఇంట్లో ఒకరికి చూపించండి.